ఎనిమిదో సెకను

మా వీధి షట్టర్ మేస్త్రీకి రెండు అలవాట్లు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని కొట్లు తెరుచుకునే చప్పుడు వినడం ఒకటి. ఆ చప్పుడును బట్టే ఏ షట్టరు గాడికి గ్రీజు కావాలో, ఏ స్ప్రింగు ఈ ఏడాది దాటదో చెప్పేసేవాడు. రెండోది, తన ఓటు ఎవరికి వేశాడో ఎవరికీ చెప్పకపోవడం. పెళ్ళాం అడిగినా అంతే. "పెట్టెలో పడ్డది పెట్టెలోనే ఉండాలి" అనేవాడు. "ముప్పై ఏళ్ళు కాపరం చేశాను, ఈ మనిషికి నామీద ఆ మాత్రం నమ్మకం లేదు" అని ఆవిడ వీధిలో అందరికీ చెప్పి నవ్వేది.

ఈయన గురించి నేను రాయడం న్యాయం కాదు. నేను వార్తల ఛానెల్లో వీడియో ఎడిటర్ని. వాళ్ళ ఇంటికి ఎదురుగా మేడ మీద అద్దెకుంటాను. ఈయన బతుకు పాడుచేసిన ఏడు సెకన్లు కత్తిరించింది ఈ చేతులే. అయినా రాస్తున్నాను. మిగతావాళ్ళందరూ టీవీలో ఆ ఏడు సెకన్లే చూశారు, నేనొక్కణ్ణే మిగతాది కూడా చూశాను.

మా పేటలో పోలింగు జరిగేది మార్కెట్ వెనక పాత గోదాములో. దానికి ఒకటే వాకిలి, ఆ వాకిలికి పెద్ద షట్టరు. ఐదేళ్ళ కిందటి ఎన్నికల రోజు మధ్యాహ్నం వరసలో ఎవరో ఎవరినో తోశారు. మాటా మాటా పెరిగింది. లోపలున్న అధికారి హడలిపోయి షట్టరు దించెయ్యమన్నాడు. కంగారులో లాగిన లాగుడుకి రేకు ఒకపక్క గాడి తప్పి షట్టరు బిగుసుకుపోయింది. లోపల నలభై మంది ఉన్నారు, ఒక్క కిటికీ లేదు. ఎవరో పరిగెత్తి మేస్త్రీని పిలిచారు. ఆయన ఇనపరాడ్డు పట్టుకుని పరుగున వచ్చి, జనాన్ని తప్పుకోమని అరిచి, రాడ్డు తల మీదకెత్తి, గాడి తప్పిన రేకు మీద ఒక్క దెబ్బ వేశాడు. రేకు గాడిలో పడింది. షట్టరు మోకాలెత్తు లేచింది. కిందనుంచి ముందు చేతులు కనబడ్డాయి, తర్వాత ఒక ముసలావిడ పాక్కుంటూ వచ్చింది, ఆవిడ వెనక మిగతావాళ్ళు. జరిగింది అంతే.

ఆ ఫుటేజీ నా ముందుకొచ్చేసరికి బులెటిన్‌కి పదకొండు నిమిషాలుంది. "పోలింగ్ కేంద్రం దగ్గర గొడవట, మంచి షాటేదైనా ఉందా?" అని మా డెస్క్ ఇన్‌చార్జి నా వెనక నిలబడ్డాడు. ఉంది. ఒక మనిషి రాడ్డెత్తి పరిగెత్తుకొస్తున్నాడు, ముందున్న ముగ్గురు తలలు కాచుకుంటూ పక్కకి దూకుతున్నారు. మా పనిలో మొహాలు చూడం, కదలిక చూస్తాం. ఎత్తిన చెయ్యి దిగకముందే కట్ చెయ్యాలన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం. దిగితే కథ అయిపోతుంది. దిగకపోతే చూసేవాడే దాన్ని దింపుకుంటాడు, తనకి కావలసిన నెత్తి మీద. ఏడో సెకను దగ్గర కట్ చేశాను. ఎనిమిదో సెకనులో రాడ్డు రేకుకి తగులుతుంది.

"అబ్బ!" అని ఇన్‌చార్జి నా భుజం తట్టాడు. మా ఛానెల్ పాలకపక్షానిది. కాబట్టి ఆ మనిషి ప్రతిపక్షం గూండా అయ్యాడు. కెమెరావాళ్ళు టీ పంచుకున్నట్టు ఫుటేజీ పంచుకోవడం మామూలే, అందుకని సాయంత్రానికి అవతలి ఛానెల్‌కీ ఆ ముక్కే చేరింది. అక్కడ ఆయన పాలకపక్షం గూండా అయ్యాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, వాళ్ళూ మేమూ ఆయన చుట్టూ ఎర్రటి సున్నా చుట్టాం. ఆ సున్నాలోంచి ఆయన ఇంక బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున టీ తాగుతూ మా ఛానెలే చూస్తున్నాను. తెర మీద ఆ మనిషి చొక్కా భుజం మీద అతుకు కనిపించింది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి తీగ మీద అదే చొక్కా ఆరుతోంది. నా చేతిలో టీ చల్లారిపోయింది. మా గేటు గొళ్ళెం బాగుచేసి, "ఈ మాత్రానికి ఏం ఇస్తారులెండి" అని వెళ్ళిపోయిన మనిషి ఆయన.

పోలీసులు పిలిచి అడిగారు. గోదాములో ఉన్న అధికారి వచ్చి సంగతి చెప్పాడు, సాయంత్రానికి వదిలేశారు. పిలిచిన వార్త రెండు ఛానెళ్ళూ వేశాయి. వదిలేసిన వార్త ఎవరూ వెయ్యలేదు.

మా వీధి ఆ రోజుల్లోనే రెండుగా చీలింది. టీవీ చప్పుడును బట్టి ఏ ఇల్లు ఏ పక్షమో తెలిసిపోయేది. ఇటువాళ్ళు "మీ గూండాని చూశాం" అంటే అటువాళ్ళు "మీ వాడేగా" అనేవారు. ఇంత పెద్ద వీధిలో ఆయన్ని మావాడు అన్నవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళు మాత్రం రెండు పక్కలా ఉన్నారు. గోదాములోంచి బయటపడ్డవాళ్ళు ఎవరైనా జరిగింది చెప్పబోతే, ముందు నీది ఏ పక్షమని అడిగేవారు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. మందుల కొట్టాయన నాతోనే అన్నాడు: "మనకి ఎందుకండీ, నిప్పు లేనిదే పొగ వస్తుందా?" ఆ పొగ పెట్టినవాడికే చెప్తున్నానని ఆయనకి తెలియదు. నేను తలూపి మాత్రలు తీసుకుని వచ్చేశాను.

ఇవన్నీ మేస్త్రీ తట్టుకున్నాడు. "రెండు నెలలు పోతే మర్చిపోతారు, జనానికి వేరే పని లేదా?" అనేవాడు. తట్టుకోలేనిది ఒక్కటే, అది గోడ అవతల ఉంది.

గోడ అవతల ఆయన అన్నయ్య. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆయనే, ఈ పనిలో పెట్టిందీ ఆయనే. తండ్రి కట్టిన ఇంటికి మధ్యలో ఒక్క ఇటుక గోడ వేసుకుని అన్నదమ్ములు చెరో సగంలో ఉండేవారు. రోజూ సాయంత్రం తమ్ముడు గోడ తట్టేవాడు, అన్న "రారా" అనేవాడు, ఇద్దరూ కలిసి వార్తలు చూసేవారు. అన్నయ్యది అవతలి ఛానెల్. ఆయన ప్రతిపక్షం మనిషి, అది దాచుకునేవాడూ కాదు.

మూడో వారంలో కాబోలు, ఇద్దరూ అలా కూర్చుని ఉండగా తెర మీద మళ్ళీ ఆ ఏడు సెకన్లు వచ్చాయి. కింద "పాలకపక్షం కిరాయి మూక" అని అక్షరాలు పరిగెత్తుతున్నాయి. అన్నయ్య టీవీ చప్పుడు తగ్గించి, తమ్ముడి వైపు చూడకుండా అడిగాడట.

"ఒరే, నాతో నిజం చెప్పు. వాళ్ళు నీకేమైనా ఇచ్చారా?"

"ఎవరు అన్నయ్యా?"

"వాళ్ళే. నువ్వు ఎవరికి ఓటేస్తావో ఏనాడూ చెప్పలేదు. చెప్పుకోడానికి సిగ్గుపడే పక్షం అదొకటేగా."

మేస్త్రీ లేచి వచ్చేశాడు. ఆ తర్వాత గోడ తట్టలేదు. "బయటివాళ్ళు అంటే దులిపేసుకున్నాడయ్యా" అని ఆయన భార్య నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. "పెంచిన చేతులు అడిగాయని కుమిలిపోతున్నాడు. ఎవరు ఏమనుకున్నా ఫరవాలేదట, అన్నయ్య ఒక్కడు నమ్మితే చాలట. అన్నం ముందు కూర్చుని అదే మాట."

అప్పుడే నేను ఒప్పేసుకున్నాను. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉండగా, ఆ ముక్క కత్తిరించింది నేనే వదినా అన్నాను. ఆవిడ చేటలో ఏరుతున్న బియ్యం అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ మాత్రం కోప్పడలేదు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"ఇంకొక్క సెకను ఉంచితే ఏమయ్యేది తమ్ముడూ?"

"ఇంకొక్క సెకను ఉంచితే వార్త ఉండేది కాదు మేస్త్రీగారూ."

ఆయన "నేను గాడి తప్పింది ఎక్కిస్తాను. నువ్వు గాడిలో ఉన్నది తప్పిస్తావన్నమాట" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నేను ఇన్‌చార్జి దగ్గరకి వెళ్ళాను. పూర్తి ఫుటేజీ ఉంది, సవరణ వేద్దాం అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మనం సవరణ వేస్తే అవతలివాడు చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు కాదూ?" అవతలివాడు చెప్పిందీ అబద్ధమే సార్ అన్నాను. "అయితే వాణ్ణి ముందు వెయ్యమను" అన్నాడు. పోనీ ఆ ముక్కనైనా లైబ్రరీలోంచి తీసేద్దాం అంటే, "మూలన ఫైల్ అని వేస్తున్నాం కదయ్యా, పాత బొమ్మ అని చెప్పినట్టేగా, ఇంకేం కావాలి? అలాంటి షాట్ మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడు. అది నిజమే. ఎక్కడ ఏ ఎన్నిక జరిగినా, ఎక్కడ ఎవరు ఎవర్ని కొట్టినా, ఆ ఏడు సెకన్లే వేసేవారు. చర్చ జరిగినంతసేపూ పెద్దమనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటుంటే, వెనకాల మేస్త్రీ చెయ్యి లేస్తూనే ఉండేది. మూలన ఫైల్ అన్న అక్షరాలు ఉండేవి. చీమ తలకాయంత.

పూర్తి ఫుటేజీ దొంగతనంగా నా ఫోనులో ఎక్కించుకుని కండక్టరు అన్నయ్య దగ్గరకి తీసుకెళ్ళాను. నా పక్కన మేస్త్రీ, బడిలో ఫలితాలు చూసుకోడానికొచ్చిన పిల్లాడిలా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. రాడ్డు రేకుకి తగలడం చూశాడు. ముసలావిడ బయటికి రావడం చూశాడు. ఆయన మొహంలో ఏదో కరిగినట్టే అనిపించింది. అంతలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ రోజుల్లో బొమ్మలు ఎలా కావాలంటే అలా చేస్తున్నారంట కదా, మా టీవీలో చెప్పారు. పైగా నువ్వు ఏ ఛానెల్ వాడివి బాబూ? మీ వాళ్ళ ఫోనులోంచి వచ్చింది నేనెలా నమ్మేది?"

మేస్త్రీ వెనుదిరిగి వచ్చేశాడు. ఇంటికొచ్చాక రాడ్డుకి గోనెపట్టా చుట్టాడు.

ఆ రాడ్డు సంగతి చెప్పాలి. అది ఆయన గురువుది. అరచెయ్యి రాసుకుని రాసుకుని మధ్యలో నున్నగా అద్దంలా మెరిసేది. ఇప్పుడు ఆయన దాన్ని పట్టుకుని వీధిలో నడిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాగుతున్నారు. అందుకని గోనెపట్టా. కొన్నాళ్ళకి అదీ చాల్లేదు. దాచి తెస్తున్నాడన్నారు. అప్పుడు కొట్టువాళ్ళనే వచ్చి రాడ్డు మోసుకెళ్ళమని, తను వెనకాల ఖాళీ చేతులతో నడిచేవాడు. "పెళ్ళికొడుకు వెనకాల వెళ్తున్నట్టున్నాడు మా ఆయన" అని భార్య నవ్వబోయి నవ్వలేకపోయింది. తర్వాత దాన్ని సగానికి కోయించాడు. ఆ రోజు అన్నం తినలేదని విన్నాను. సగం రాడ్డు చూసినా జనం తప్పుకోవడం మానలేదు. నాలుగో ఏడు వచ్చేసరికి అది అటక ఎక్కింది. స్ప్రింగులు, గ్రీజు, తాళాలు, చేత్తో అయ్యే పనులే చేసేవాడు. గాడి తప్పిన షట్టరు అంటే, "వేరేవాళ్ళని చూసుకోండి" అనేవాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఆ పొద్దున నేనూ వరసలో ఉన్నాను, నా డ్యూటీ సాయంత్రం. వరస అంటే ఒకటి కాదు. గోదాము ముందు కుడి పక్క ఒక గుంపు, ఎడమ పక్క ఒక గుంపు, మధ్యలో నలుగురు పట్టేంత ఖాళీ. అటొక ఛానెల్ కెమెరా, ఇటొక ఛానెల్ కెమెరా. కండక్టరు అన్నయ్య ఎడమ గుంపులో ముందే ఉన్నాడు. షట్టరు మోకాలెత్తు లేచి ఆగిపోయింది. మళ్ళీ అదే పక్క, అదే రేకు. అధికారి కొత్తవాడు, ఊరికి కొత్త. ఎవరో చెప్తే మేస్త్రీకి కబురు పెట్టాడు.

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు ఊపుకుంటూ వచ్చాడు. ఓటు వేద్దామనే బయల్దేరాడట, దారిలో కబురు అందింది. ఆయన్ని చూడగానే రెండు గుంపులూ రెండడుగులు వెనక్కి జరిగాయి. రెండు కెమెరాలూ ఆయన వైపు తిరిగాయి.

"రాడ్డుతో ఒక్క దెబ్బేస్తే పడుతుంది కదండీ. అదిగో, మూలన ఉంది" అన్నాడు అధికారి.

మేస్త్రీ ఆ కెమెరా వైపు చూశాడు, ఈ కెమెరా వైపు చూశాడు. "రాడ్డొద్దు సార్. నలుగురు వచ్చి ఈ పక్కన ఎత్తి పట్టండి, నేను చేత్తో రేకు గాడిలోకి తోస్తాను" అన్నాడు.

నలుగురు కావాలి. కుడివాళ్ళు ఎడమవాళ్ళ వైపు చూశారు, ఎడమవాళ్ళు కుడివాళ్ళ వైపు చూశారు. ముందు ఎవరు కదిలితే వాళ్ళు ఆయన మనుషులని తేలిపోతుంది. చివరికి అటునుంచి ఒకడు, ఇటునుంచి ఒకడు వచ్చారు. ఇంకా ఇద్దరు రావాలి. కండక్టరు అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు. నా కళ్ళతో చూశాను. వేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసి అక్కడే ఆగిపోయాడు.

నేనెందుకు వెళ్ళలేదో కూడా చెప్పాలి. నా చేతులు ఖాళీగా లేవు. ఫోను తీసి వీడియో తీస్తున్నాను. ఈసారి మొదట్నించి చివరిదాకా మొత్తం తీయాలనుకున్నాను. ఒక్క సెకను కూడా పోకుండా తీసి ఆయన అన్నయ్యకి చూపించాలనుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువతనం నా జన్మలో లేదు. అక్కడ కావలసింది ఒక చెయ్యి, నేను పట్టుకున్నది ఫోను.

మేస్త్రీ ఉన్న ఇద్దరితోనే ఎత్తించి, రేకు కింద చెయ్యి పెట్టాడు. ఇద్దరితో ఆ షట్టరు ఆగలేదు. లోపల స్ప్రింగు తెగిన చప్పుడు అందరికీ వినిపించింది. చప్పుడు వినే మనిషి కాబట్టి ఆయనకి ముందే తెలిసుంటుంది, ఎత్తి పట్టిన ఇద్దర్నీ ఎడమచేత్తో వెనక్కి నెట్టేశాడు. కుడిచెయ్యి కిందే ఉండిపోయింది.

అంత బరువు లేపడానికి అప్పుడు రెండు గుంపులూ పరిగెత్తుకొచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఆసుపత్రిలో బొటనవేలు ఒక్కటి దక్కిందన్నారు. మధ్యాహ్నం నేను వార్డులోకి వెళ్ళేసరికి ఆయన మెలకువగానే ఉన్నాడు, కుడిచేతికి మోచెయ్యి దాకా కట్టుంది. పక్కన స్టూలు మీద అన్నయ్య. మంచం పట్టీ పట్టుకుని ఏడుస్తున్నాడు.

"రాడ్డు తీసుకోకపోయావా తమ్ముడూ! ఒక్క దెబ్బతో పోయేదానికి!"

"రాడ్డెత్తితే ముందు నువ్వే అరిచేవాడివి అన్నయ్యా" అన్నాడు మేస్త్రీ. కోపంగా అనలేదు. పెద్దాయన తల దించుకున్నాడు.

నేను తీసిన వీడియో అప్పటికే మా డెస్క్‌కి పంపాను. ఇన్‌చార్జి ఫోన్ చేసి, "ఇందులో ఏముందయ్యా? ప్రమాదం. ఎవరి తప్పూ లేదు. దీన్ని ఏ పక్కన పెట్టి చూపించాలి?" అన్నాడు. వార్త మాత్రం వేశారు. వార్డు గోడకున్న టీవీలో వచ్చింది: పోలింగ్ కేంద్రం దగ్గర ఉద్రిక్తత, రెండు గంటలు ఆగిన ఓటింగు. మాటలకి బొమ్మ కావాలి కదా. మా సున్నా చుట్టుకుని ఆ పాత చెయ్యి రాడ్డు పట్టుకుని పైకి లేచింది. ఐదు వేళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి.

పక్క మంచం మీద కాలు విరిగిన పెద్దమనిషి ఒకాయన పళ్ళు కొరికాడు.

"చూశారా అండీ, ఇన్నేళ్ళయింది, ఈ వెధవని ఇంకా పట్టుకోలేదు!"

మేస్త్రీ కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, ఊరడించినట్టు చెప్పాడు.

"పట్టుకున్నారులెండి. ఇంక ఎత్తలేడు."

ఆ పెద్దమనిషి, "హమ్మయ్య, ఏ పార్టీ వాడట?" అని అడిగాడు. కండక్టరు అన్నయ్య లేచి టీవీ ఆపెయ్యబోయాడు. అది మరీ ఎత్తులో ఉంది, ఆయనకి అందలేదు. నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. డ్యూటీకి టైమయింది. వెళ్ళిపోయాను.